పచ్చజెండా మీద పుట్టువెంట్రుకలు

తాండూరు,
10 ఫిబ్రవరి 1958

తమ్ముడు జంగప్పకు,

తాండూరు నుంచి అక్క భాగమ్మ రాస్తున్నది. ఇక్కడ తిండికి లోటు లేదు, దగ్గుకూ లోటు లేదు. మీ బావ చంద్రప్ప బండల గని మానడు, గని దుమ్ము ఆయన్ను మానదు. కందులు ఇంటికి వచ్చాయి. మరదలు భీమమ్మ కోసం ఒక సంచి పప్పు తీసిపెట్టాను. వచ్చినప్పుడు తీసుకుపో.

వచ్చినప్పుడు అని ఎందుకు రాశానో నీకు తెలుసు. పద్మకు మూడో ఏడు నడుస్తున్నది. దాని పుట్టువెంట్రుకలు ఏడాదిలోపే తీయవలసింది, నీకు పనిలోంచి రజా దొరకలేదని ఆపాం. రెండో ఏడు సరి సంఖ్య, పనికిరాదన్నారు. ఇప్పుడు మూడు. మా అత్త శాంతవ్వ పట్టింపు నీకు కొత్త కాదు. పిల్ల మేనమామ ఒడిలో కూర్చోవాలి, మేనమామ మూడు చోట్ల కత్తెర పెట్టాలి, ఆ తరువాతే మంగలి కత్తి. అంతవరకు పిల్ల నెత్తికి ఇనుము తగలరాదు. నేను ఏమన్నా అంటే ఆమెకు తన పుట్టింటి కన్నడంలో ఒక్కటే మాట, "సోదరమావ బరలి." మేనమామ రానీ అని.

జుట్టేమో మెడ దాటింది. దువ్వెన దిగదు. పేలకు మాత్రం బాగా దారి దొరికింది.

ఇరవైనాలుగో తేదీ సోమవారం బాగుందట. పొద్దటి ప్యాసింజరుకు దిగి, కత్తెర పెట్టి, రెండు ముద్దలు తిని, సాయంత్రం బండికే పోవచ్చు. నీ పని ఎంతసేపు? కత్తెర మూడు చప్పుళ్లు. నిన్ను ఎక్కువసేపు ఆపను. జరూర్ రావాలి.

అక్క భాగమ్మ


వికారాబాదు,
19 ఫిబ్రవరి 1958

భాగమ్మ అక్కకు, బావకు, పెద్దామె శాంతవ్వకు జంగప్ప దండాలు.

రజా అడిగాను. ఇన్‌స్పెక్టరు నా అర్జీ చూడనైనా చూడలేదు. "జంగప్పా, నువ్వు జరూర్ మనిషివి. నువ్వు పోతే గేటు ఎవలు చూస్తరు?" అన్నాడు. నలుగురు వింటుండగా అన్నాడు.

అక్కా, నా గేటు నువ్వు చూడలేదు. ఇటు సంతకు పోయే ఎడ్లబండ్లు, అటు బస్సు, నడుమ రైలు పట్టాలు. నేను గేటు వేసి పచ్చజెండా చూపనిదే బండి ముందుకు కదలదు. నాయన ఇది వినకుండానే పోయాడు. ఊళ్లో అందరి ముందూ ఏమనేవాడో గుర్తుందా? "జంగడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే." ఆ మాట విని పెరిగినవాణ్ని నేను. ఇక్కడ సర్కారు మనిషి నోటితో నన్ను జరూర్ అంటున్నారు.

ఇంకొకటి. నీ ఉత్తరంలో మూడు చప్పుళ్ల ముక్క నన్ను గుచ్చింది. అంతే పనైతే నేనే ఎందుకు? అందుకే ఒక ఉపాయం చేశాను. ప్యాసింజరు గార్డు చేతికి ఒక మూట ఇస్తున్నాను. అందులో కొత్త కత్తెర ఉంది. దానికి చుట్టింది నా పాత పచ్చజెండా. ఆరేళ్లు నా చేతిలో ఆడింది. దాన్నే నేననుకోండి. పీట మీద పరిచి, పిల్లను కూర్చోబెట్టి, బావ చేత కత్తెర పెట్టించండి. పెళ్లికొడుకు రాకపోతే అతని కత్తిని పీట మీద పెట్టి తాళి కట్టించిన దొరలు లేరా? ఇదీ అంతే.

మీ జంగప్ప


తాండూరు,
1 మార్చి 1958

జంగప్పా,

తమ్ముడు అనే మాట ఇవాళ రాయబుద్ధి కావడం లేదు.

నీ మూట నాకు అందింది, వాడకట్టు అంతటికీ అందింది. సోమవారం పొద్దున ఇరవై మంది చుట్టాలు, మంగలి మొగులప్ప తన పెట్టెతో సహా వచ్చి కూర్చున్నారు. నీ కోసం మీ బావ స్టేషనుకు పోతే గార్డు మూట చేతిలో పెట్టాడు. నీ ఉత్తరం ఆ సాయంత్రం వచ్చింది. అందువల్ల మూటలో ఏముందో, ఎందుకుందో మాలో ఎవరికీ తెలియదు. మా అత్త నలుగురి నడుమ విప్పింది. నూనె మరకల జెండా గుడ్డ! ఆమె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఇదేనానె మీ తమ్ముడు?" అని అడిగింది.

మొగులప్ప ఊరుకున్నాడా? "ఎర్రజెండ పంపితే ఆగెటోళ్లం. పచ్చది పంపిండు, కానియ్యమంటరా?" అన్నాడు. చుట్టాలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. మేనమామ ఒడిలో కూర్చోవలసిన పిల్ల, మసి గుడ్డ మీద కూర్చోవాలా? మా అత్త ఆ జెండాను మడిచి, కత్తెరతో పాటు సందుగులో పెట్టి తాళం వేసి, మళ్లీ అదే మాట అన్నది. సోదరమావ బరలి. చుట్టాలు తిండి తిని పోయారు. పిల్ల జుట్టు పిల్ల నెత్తినే ఉంది.

మూడు చప్పుళ్లు అని నేను రాసింది ఎందుకు? నీకు భారం కారాదని, ఒక్క పూట రజా అయినా దొరుకుతుందని. దాన్ని నువ్వు ఇట్లా చదువుతావని నాకేం తెలుసు? ఇక నీ గేటు గొప్పలు నాకు రాయకు. ఒక కర్ర దించి గుడ్డ ఊపే పనికి ఇంత మిడిసిపాటు అక్కరలేదు. భీమమ్మ కూడా ఊపగలదు.

భాగమ్మ


వికారాబాదు,
9 మార్చి 1958

అక్కకు,

కార్డు కనుక కొద్దిగా రాస్తున్నాను. భీమమ్మ కూడా ఊపగలదన్నావు. నాయన నోట విన్నదే మళ్లీ నీ నోట విన్నాను. నేను లేకున్నా ఒకటే అయిన ఇంటికి నేను రావడం ఎందుకు? పప్పు మీరే వండుకోండి.

జంగప్ప, గేట్‌మన్


తాండూరు,
3 జులై 1960

తమ్ముడూ,

రెండేళ్ల నాలుగు నెలలు నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. మొండితనంలో ఇద్దరం నాయన పిల్లలమే. నా కోపం పోయిందని అనుకోకు. దాన్ని కాస్త పక్కకు జరిపి రాస్తున్నాను.

పద్మకు ఐదో ఏడు. జుట్టు నడుము మీదికి వచ్చింది, అట్టలు కట్టింది. దాని కింద కురుపులు లేచాయి. చీము. మెడ పక్కన గడ్డలు. వారం నుంచి జ్వరం దిగడం లేదు. మీ బావా నేనూ దవాఖానకు ఎత్తుకుపోయాం. డాక్టరు వెంట్రుకలు పాయ తీసి చూసి మా మీద అరిచాడు. "జుట్టంత తీస్తెనే మందు తగుల్తది. తియ్యకుంట మళ్ల నా తానికి రాకుండ్రి" అన్నాడు. అరవడం న్యాయమే.

మా అత్త ఒప్పదు. ఇన్నాళ్లూ పట్టింపు అనుకున్నాను కానీ మొన్న అసలు సంగతి చెప్పింది. ఆమె మొదటి కొడుకుకు మేనమామ రాకముందే తొందరపడి జుట్టు తీశారట. ఏడాది తిరగకుండా ఆ పిల్లవాడు పోయాడట. పైగా ఇప్పుడు ఆషాఢం. మీ బావను అడిగితే "అమ్మను కాదని ఎట్ల జేస్తనే?" అని దగ్గుతాడు. ఆ దగ్గు ఒకటి దొరికింది, జవాబు చెప్పలేనప్పుడల్లా అక్కరకు వస్తున్నది.

నువ్వు వచ్చి కూర్చుంటే ఆషాఢమైనా ఫరవాలేదని మా అత్త ఒక్క మెట్టు దిగింది. భీమమ్మ కూడా ఊపగలదని రాసింది కోపంలో. దాన్ని మనసులోంచి తీసెయ్యి. జరూర్ అను, అవసరం అను, అగత్యం అను, తప్పనిసరి అను, నీకు ఏ మాట గొప్పగా తోస్తే ఆ మాటే నేను రాశాననుకుని బండి ఎక్కు. పిల్ల ఒళ్లు పెనంలా కాలుతున్నది.

అక్క


వికారాబాదు,
9 జులై 1960

అక్కా,

నీ కవరు అందగానే రజా కోసం పరుగెత్తాను. పద్మ కురుపుల సంగతి, గడ్డల సంగతి అంతా ఏకరువు పెట్టాను. లాభం లేదు. పదకొండో తేదీ రాత్రి నుంచి సమ్మె. రైలువాళ్లు, టపావాళ్లు, అందరూ. ఢిల్లీ నుంచి హుకుం వచ్చింది. స్టేషను గోడకు అతికించారు. మాది అత్యవసర సేవ అట. పని వదిలినవాడికి జైలు. ఇన్‌స్పెక్టరు మా అందరినీ నిలబెట్టి చదివి వినిపించి, నా దిక్కు తిరిగి, "సమజైందా జంగప్పా? ఇప్పుడు నువ్వు ఉత్త జరూర్ కాదు, కానూన్ ప్రకారం జరూర్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. గేటు గుడిసె కురుస్తున్నది, రెండు రేకులు ఇప్పించండని నాలుగు వానకాలాల నుంచి అడుగుతున్నాను. "అంత అవసరమా?" అంటారు. వేసవిలో తాగే నీళ్లకు కుండ అడిగితే అదీ అవసరం కాలేదు. ఎనిమిదేళ్ల నుంచి నా పేరు తాత్కాలికం పట్టీలోనే ఉంది. మనిషేమో తాత్కాలికం, వాడి పనేమో అత్యవసరం! తోటివాళ్లు సమ్మెకు రమ్మన్నారు. వాళ్లు అడిగేదాంట్లో అన్యాయం లేదు. కానీ గేటు ఎత్తి వదిలేసి పోతే, పట్టాల మీద బస్సు ఉండగా ఏ బండో వస్తే? ఆ సంగతి తలుచుకుంటే కాలు కదలదు. నేను ఉండిపోతున్నాను.

సమ్మె తీరిన మర్నాడే వస్తాను. వేపాకు నీళ్లతో కడుగుతూ ఉండు. మేనమామ వస్తున్నాడని పెద్దామెకు గట్టిగా చెప్పు.

జంగప్ప


తాండూరు,
14 జులై 1960

జంగప్పా,

ఇది ఎప్పుడు అందుతుందో తెలియదు. బండి లేదు, టపా లేదు. రాయకపోతే ఈ కోపంతో ఇంట్లో ఎవరినో ఒకరిని కొరికేట్టున్నాను. అందుకని రాస్తున్నాను.

కానూన్ ప్రకారం జరూర్ అయ్యావు, సంతోషం. నిన్న పొద్దున పద్మ కళ్లు తేలవేసింది. పిలిస్తే పలకలేదు. నేను మా అత్త కొంగుకున్న తాళంచెవి లాక్కుని, సందుగు తెరిచి, నువ్వు పంపిన కత్తెర తీశాను. మీ బావ గడపలో నిలబడి ఒకసారి "అమ్మా" అన్నాడు, ఒకసారి "భాగమ్మా" అన్నాడు, ఆ తరువాత దగ్గాడు. మా అత్త లేచి వచ్చింది. అప్పుడు నా నోట ఏం వచ్చిందో వాడకట్టంతా విన్నది, నువ్వూ విను.

"అందరు తప్పనిసరి మనుషులే! మేనమామ తప్పనిసరి, ముహూర్తం తప్పనిసరి, ఆయన గేటు తప్పనిసరి, మీ ఆచారం తప్పనిసరి. గీ పొల్ల ఒక్కతే ఎవ్వలకు తప్పనిసరి గాదు!"

కత్తెర గుంజుకుంటుందని నేను చేయి వెనక్కి పెట్టుకున్నాను. ఆమె గుంజుకోలేదు. సందుగులోంచి నీ పచ్చజెండా తీసింది. "ఒడి లేకుంట కోస్తవానె?" అని నా మీదే కసిరింది. నేల మీద కూలబడి, జెండాను తన ఒడిలో పరిచి, పిల్లను దాని మీద కూర్చోబెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. నేనే మూడు చోట్ల కత్తెర పెట్టాను. ఆ పైన మొగులప్పను పిలిచి మిగిలింది గీయించాం.

డాక్టరు వచ్చి కడిగి మందు పూశాడు. ఇవాళ పొద్దున జ్వరం కాస్త దిగింది. గ్లాసెడు జొన్న అంబలి తాగి ఇంకా కావాలన్నది. మా అత్త మాత్రం పిల్ల పక్కనుంచి లేవలేదు. ఘడియకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నది.

ఇక ఇక్కడ ఎవరూ నీ కోసం బండ్లు చూడటం లేదు. నీ గేటు నువ్వు కాపాడుకో. నీతో మాకున్న అవసరం తీరిపోయింది.

భాగమ్మ


వికారాబాదు,
22 ఆగస్టు 1960

అక్కా,

నీ ఉత్తరం పోయిన నెల ఇరవయ్యో తేదీన అందింది. ఆ రోజే నాకు రెండు రోజుల రజా మంజూరైంది. సంచి సర్దుకుని బండికి బయలుదేరుతుంటే టపా అతను ఇచ్చాడు. నిలబడి చదివాను. సంచి విప్పేశాను. పిల్ల బతికిందన్న సంతోషం ఒకటే మిగిలింది. జవాబు రాయడానికి ముఖం చెల్లలేదు.

ఇప్పుడు రాయవలసిన పని పడింది. పది రోజుల కింద ముగ్గురు వచ్చి గేటు పక్కన కూర్చుని, పోయే బండ్లను, పశువులను, మనుషులను రాసుకున్నారు. ఎందుకో తెలియక నేనే వాళ్లకు చాయ్ తెచ్చి ఇచ్చాను. మొన్న ఇన్‌స్పెక్టరు పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. పోయే బండ్ల లెక్క తక్కువట, ఆ గేటుకు మనిషి అవసరం లేదట. నీ సేవలు ఇకపై అవసరం లేవు అని రాసి ఉంది. "సాబ్, నెల కింద కానూన్ ప్రకారం జరూర్ అంటిరి గద?" అన్నాను. "గది సమ్మెకు, జంగప్పా" అన్నాడు. నవ్వలేదు, తిట్టలేదు. చాలా మామూలుగా అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సమ్మె రోజుల్లో రాత్రీ పగలూ నేనొక్కణ్నే ఆ గేటు పట్టుకుని ఉన్నాను. పని మానిన తోటివాళ్లు మళ్లీ పనిలో చేరారు, నాతో మాట్లాడరు. లాంతరు, జెండాలు లెక్క చూసి తిరిగి తీసుకున్నారు. పాత పచ్చజెండా ఒకటి తక్కువైంది, ఏమైందని గద్దించారు. మా మేనకోడలి దగ్గర ఉందని చెప్పలేదు. ఎలుకలు కొట్టేశాయన్నాను.

నాయన సరిగ్గానే అన్నాడు, అక్కా. గేటుకు నా అవసరం లేదు. నువ్వు ముందే రాశావు, మీకూ లేదు. భీమమ్మ కుల్కచర్ల దిక్కు వాళ్ల అన్నల దగ్గరికి పోయి కూలి చేసుకుందామంటున్నది. పోతే అక్కడి నుంచి కార్డు రాస్తాను. రాయకపోయినా ఫికర్ చేయకు.

జంగప్ప
(గేట్‌మన్ అని రాయబోయి ఆగాను.)


తాండూరు,
26 ఆగస్టు 1960

తమ్ముడు జంగప్పకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆ ఇన్‌స్పెక్టరు మీద మండింది. జరూర్ అట, అత్యవసరం అట! వాళ్ల పని గడిచేదాకా నెత్తిన పెట్టుకునే మాటలు ఇవి, గడవగానే కాలి కింద వేసే మాటలు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లకు ఎనిమిదేళ్లు జెండా ఊపావు.

రెండోసారి నీ మీద మండింది. సంచి సర్దుకున్నవాడివి, అక్క కోపంతో రాసిన నాలుగు ముక్కలు చదివి సంచి విప్పేస్తావా? నా కోపం నీకు కొత్తా?

మూడోసారి చదివినప్పుడు నా మీదే మండింది. నాయన ఆ మాట నీ ముందర అనేవాడు, నిజమే. నువ్వు వికారాబాదు పోయాక ఏమనేవాడో నీకు తెలియదు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, ఏ పూటా తప్పకుండా, "జంగడు తిన్నడో లేదో" అనేవాడు. మంచాన పడ్డాక కూడా అన్నాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి నీకు చెప్పలేదు. చెప్పడం అంత అవసరం అనుకోలేదు. నాకు, ఆ ఇన్‌స్పెక్టరుకు ఏం తేడా?

పద్మ నెత్తి మానింది. వేలెడు జుట్టు వచ్చింది. నీ పచ్చజెండా ఉతికి ఇచ్చాను, దాన్ని నెత్తికి చుట్టుకుని వాకిట్లో తిరుగుతున్నది. ఎవరైనా అడిగితే "మా మామది" అంటుంది. నిన్న సాయంత్రం బండి కూత విని మా అత్త చేటలో బియ్యం ఏరుతూనే, "సోదరమావ బరలి" అన్నది. "ఇంక ఎందుకత్తా? కొయ్యనీకి జుట్టే లేకపాయె" అన్నాను. "ఎందుకేందె? పొల్ల మామను సూడనే లేదు" అన్నది.

కాబట్టి విను. ఇక్కడ కత్తెర పెట్టడానికి జుట్టు లేదు. ముహూర్తం లేదు, పీట లేదు, చుట్టాలు లేరు. నువ్వు రాకపోతే ఏ పనీ ఆగదు. నీతో మాకు ఒక్క అవసరమూ లేదు. అందుకే ఈ ఉత్తరంలో జరూర్ అని రాయడం లేదు. రా. భీమమ్మను వెంటబెట్టుకుని రా. సాయంత్రం బండికి పోవద్దు.

అక్క